మారుతి ఎవరి బండి?

మారుతి అను పేరు నేడు నమ్మకమునకు మారుపేరుగా చలామణి అగుచున్నది. ఆ పేరు మొదట మోసినది అపకీర్తియని పెద్దలకు జ్ఞాపకముండును. 1971లో సంజయ్ గాంధీ ఆరంభించిన మారుతి లిమిటెడ్, ప్రజలకు కార్లను అందింపజాలక మూతపడినది. 1980లో ప్రభుత్వము దానిని స్వాధీనపరచుకొని, 1981లో మారుతి ఉద్యోగ్ అను ప్రభుత్వరంగ సంస్థను స్థాపించినది. మరుసటి యేడు జపాను సుజుకి కంపెనీ నూటికి 26 వంతుల వాటాతో చేరినది. 1983 డిసెంబరు 14న తొలి కారు తాళపుచెవులను ప్రధాని ఇందిరాగాంధీ అందజేసినారు.

అంబాసిడరు, ప్రీమియర్ పద్మినీలకై ఏండ్ల తరబడి వేచిన జనము ఆ 796 సి.సి. చిన్న బండికై ఎగబడినది. అయితే అది సామాన్యుని కారన్న ప్రచారమును మేము పూర్తిగా అంగీకరింపము. సుమారు 50 వేల రూపాయల ధర నాటి తపాలా గుమాస్తాకు, రైల్వే పాయింట్స్‌మన్‌కు అందని మ్రానిపండే. వారి వంటివారి ఇండ్లకు అది చేరినది పది పదిహేనేండ్ల తరువాత, రెండు మూడు చేతులు మారి. అప్పటికిని అది చక్కగా నడుచుచుండెను. విడిభాగములు చిన్న పట్టణములలో సైతము దొరకుచుండెను. బాగుచేయువాడు వీధి చివరనే ఉండెను. ఆ సంస్థ అసలు ఆకర్షణ ఇదియే. దీనిని తెచ్చినది ప్రకటనలు కావు, ప్రజాధనమును గుర్గావ్ కార్మికుల పనితనమును.

2002లో ప్రభుత్వము ఆజమాయిషీని వదలుకొనగా, అందులకై సుజుకి 1,000 కోట్ల రూపాయలు చెల్లించినది. 2007లో మిగిలిన వాటాయు పోయినది, పేరును మారినది. 2011లో మానేసర్ కార్మికులు సంఘము పెట్టుకొను హక్కునకై సమ్మెలు చేయవలసి వచ్చినది. 2014లో మారుతి 800 నిలిచిపోయినది. 2015లో హెచ్చు ధర కార్లకై నెక్సా అను వేరు షోరూములు వెలసినవి.

కొనువారి అభిరుచి మారినదని యాజమాన్యము చెప్పును. అందులో నిజము లేకపోలేదు. పోటీ పెరిగినది, భద్రత, కాలుష్య నిబంధనలు అవసరమైనవే అయినను, చిన్న కారు ధరను పెంచినవి. కాని మారినది ఎవరి అభిరుచి? స్కూటరు దిగి మొదటి కారు కొనదలచినవానికి మారినది అభిరుచి కాదు, అందుబాటు.

2024లో గుజరాత్‌లోని హన్సల్‌పూర్, 2025లో మానేసర్ కర్మాగారముల లోనికే రైలు సైడింగులు వచ్చినవి. ఆ ర్యాకులను దేశమంతట నడుపుచున్నది మన రైల్వే సోదరులే. అందులో ప్రయాణించు కొత్త కార్లలో ఎన్నింటిని వారు తమ జీతముతో కొనగలరో యాజమాన్యము వారే సెలవీయవలెను.