రాశియా? వాసియా?

సాక్షులను లెక్కింపరాదు, తూచవలెను. ఇది న్యాయవాదవృత్తిలో మేము నేర్చిన మొదటి పాఠము. ఒక విషయమును రుజువు పరచుటకు ఇందరు సాక్షులుండవలెనన్న నిర్బంధము లేదని 1872 నాటి సాక్ష్యచట్టము 134వ సెక్షను శాసించెను. దాని స్థానమున వచ్చిన 2023 నాటి చట్టమును ఈ సూత్రమును విడువలేదు. రెండెకరముల తగాదాలో మనము పాటించు ఈ వివేకము, మనుష్యుని గుండెకు సంబంధించిన శాస్త్రమున ఏల కొరవడెను? అచ్చట పండితుని వ్యాసములను లెక్కించుచున్నారు, తూచుట లేదు.

హాలండు దేశమున రోటర్డాము నగరపు ఎరాస్మస్ వైద్యకేంద్రమున డాన్ పోల్డర్మాన్స్ అను ఆచార్యుడుండెను. ఆయన పేర మున్నూటికి పైగా వ్యాసములు వెలువడెను. వానిలో ప్రఖ్యాతమైనది 1999 నాటిది. అందలి రోగులు 112 మంది మాత్రమే. గుండె వేగమును తగ్గించు 'బీటా బ్లాకరు' మందును శస్త్రచికిత్సకు ముందు పుచ్చుకొన్నవారిలో నూటికి 3.4 మందికే గుండెపోటో, హృద్రోగ మరణమో సంభవించెననియు, పుచ్చుకొననివారిలో నూటికి 34 మందికి సంభవించెననియు అందు వ్రాయబడెను. పదింట తొమ్మిదిపాళ్లు ఆపదను తొలగించు మందు! వైద్యలోకము పరవశించెను.

2008లో 'పాయిజ్' అను మహాపరీక్ష ఫలితములు లాన్సెట్ పత్రికలో వెలువడెను. మందు ఆ జాతిదే; రోగులు 8,351 మంది. గుండెపోట్లు తగ్గిన మాట నిజమే. కాని మరణములు నూటికి 2.3 నుండి 3.1కి పెరిగెను, పక్షవాతము ఇంచుమించు రెట్టింపయ్యెను. అయినను, మరుసటి సంవత్సరమే ఐరోపా హృద్రోగ వైద్యసంఘము ప్రకటించిన మార్గదర్శక సూత్రములు, ఆపద హెచ్చుగా గల రోగులకు ఆ మందునే విధించెను. ఆ సూత్రములను కూర్చిన ఉపసంఘమునకు అధ్యక్షుడెవరు? పోల్డర్మాన్సుగారే! వాదియే న్యాయాధిపతియై తన వ్యాజ్యెమునకు తానే తీర్పు వ్రాసికొన్న చందమిది.

పాయిజ్ పరీక్షలో మోతాదు హెచ్చగుటచే కీడు కలిగెనని ఆయన పక్షమువారు వాదించిరి. వాదము అసంబద్ధము కాదు. కాని మితమైన మోతాదు క్షేమకరమనుటకు సాక్ష్యమేది? ప్రధానముగా మరల ఆయన పరిశోధనలే!

2011 నవంబరులో ఆ వైద్యకేంద్రమే ఆయనను కొలువునుండి తొలగించెను. రోగుల వ్రాతపూర్వకమగు అంగీకారము లేకయే వారి వివరములను వాడుట, నమ్మదగని లెక్కలను తెలిసియు సమర్పించుట, ఇవి మోపబడిన దోషములు. లోపములు జరిగినవనియు, బుద్ధిపూర్వకముగా చేయలేదనియు ఆయన సమాధానము. ఆయన మనస్సును విచారించుట మా పని కాదు. ఫలితమును చూతము. 2013లో లండను పరిశోధకులు సందేహాస్పదములైన ఆ పరిశోధనలను తీసివేసి, మిగిలిన తొమ్మిది పరీక్షలలోని 10,529 మంది రోగుల వృత్తాంతమును కలిపి చూచిరి. శస్త్రచికిత్సకు ముందు ఆ మందును క్రొత్తగా మొదలిడుటచే ముప్పది దినములలోపల మరణభయము నూటికి 27 వంతులు పెరిగెనని తేలెను. (పూర్వమునుండి ఆ మందు వాడుచున్నవారి సంగతి వేరు, వారు దానిని తామై మానరాదు.) ఐరోపా సూత్రములు సవరింపబడినది 2014లో! ఆ నడుమ శస్త్రచికిత్సకై బల్లపై పరుండినవారికి జవాబుదారి యెవరు?

పండితుని ఘనతను కొలుచుటకు 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 'హెచ్ సూచి'ని కల్పించెను. ఇరువది వ్యాసములు, ఒక్కొక్కటి ఇరువది మార్లకు తక్కువ గాకుండ ఇతరులచే పేర్కొనబడినచో, సూచి ఇరువది. మెచ్చి పేర్కొన్నను, ఖండింప పేర్కొన్నను ఈ తక్కెడకు ఒక్కటే. ఇట్టి తక్కెడలో సత్యము తూగునా?

ఇది హాలండు గొడవ యని ఉపేక్షింతమా? మన వైద్యకళాశాలలలోను ఉపాధ్యాయునికి పదోన్నతి కావలెనన్న ప్రచురిత వ్యాసములు చూపవలెను. వ్యాసము నిచ్చెనమెట్టు అయిన నాడు ఎక్కువారు మెట్లను లెక్కింతురేగాని, కఱ్ఱ పుచ్చినదో లేదో చూతురా?

మేము కోరునవి మూడు. పరిశోధకుడు మూలలెక్కలను పరులకు చూపవలెను. తన పరిశోధనపై తానే తీర్పరి కారాదు. పదోన్నతికి వ్యాసముల సంఖ్యను గాక, పరీక్షకు నిలిచిన ఒక్క వ్యాసమును అడుగవలెను. రోగి తన గుండెను వైద్యుని చేతిలో పెట్టుచున్నాడు. ఆ చేతిలోని గ్రంథము సత్యమై యుండవలెనని కోరుట అత్యాశ కాదు, అతని హక్కు.