దురదకు ట్యూబ్ ఇచ్చి పంపిస్తే చాలదు, రోగానికి పేరు చెప్పాలి

అన్నలారా, తమ్ముళ్లారా, ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి. చదవడం రాని వాళ్లుంటే రూమ్‌లో చదివి వినిపించండి.

సైట్ల మీద పని చేసే మనలో చాలామందికి చేతుల మీదో, తొడల సందులోనో, బెల్టు ఆనే చోటో దద్దుర్లు లేస్తాయి. పది రోజులు మందు రాస్తే తగ్గుతాయి. ఆపిన వారానికి మళ్లీ వస్తాయి, ఈసారి ఇంకొంచెం ఎక్కువ. ఎవరినడిగినా తలో మాట. ఒంట్లో వేడి చేసిందని ఒకరు, ఇక్కడి నీళ్లు పడలేదని ఒకరు, వంకాయ, గోంగూర మానెయ్యమని ఇంకొకరు. చివరికి ఎవరో ఒకరు సూట్‌కేసులోంచి ఇండియా ట్యూబ్ తీసి చేతిలో పెడతారు. పోనీ ఇక్కడి క్లినిక్‌కు పోతే అక్కడా అదే కథ. ఐదు నిమిషాలు చూసి, "ర్యాష్" అని రాసి, క్రీమ్ రాసిచ్చి పంపిస్తారు. చర్మం ముట్టుకుని చూసిన వాళ్లు కూడా తక్కువే.

మేము చెప్పేది ఒక్కటే. ర్యాష్ అనేది రోగం పేరు కాదు. జ్వరం లాగా అదొక గుర్తు. మలేరియానో, టైఫాయిడో రక్తం చూడకుండా నెలల తరబడి జ్వరం గోళీలు ఇస్తే మనం ఊరుకుంటామా? మరి చర్మం దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఊరుకుంటున్నాం? మళ్లీ మళ్లీ తిరగబెట్టే దద్దుర్లకు పరీక్ష చేసి పేరు చెప్పే దాకా వదిలిపెట్టొద్దు.

ముందు ఆ ఇండియా ట్యూబ్ సంగతి మాట్లాడుకుందాం. దాని మీద చిన్న అక్షరాలు చూడండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్, ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు అన్నీ కలిపి పెడతారు. రోగం ఏదైనా ఏదో ఒకటి తగలకపోదా అన్నట్టు, చీకట్లో రాయి విసిరినట్టు. స్టెరాయిడ్ చెడ్డ మందని మేము అనడం లేదు. ఎగ్జిమాకు డాక్టర్లు ఇచ్చేది అదే. కానీ తామర మీద రాస్తే ఎరుపు, దురద నాలుగు రోజుల్లో తగ్గినట్టు కనపడతాయి, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. తామరకు ఉండే గుండ్రటి అంచు కూడా చెరిగిపోతుంది. అప్పుడు డాక్టర్ చూసినా అది తామర అని కంటితో గుర్తుపట్టడం కష్టం. తొడల సందులో నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పూర్తిగా పోవు. 2018లో భారత ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని రూలు పెట్టింది ఇందుకే. రూలు కాగితం మీద ఉంది, ట్యూబ్ మాత్రం మన సూట్‌కేసులో ఉంది.

ఇది మన రూమ్ ముచ్చటే అనుకోకండి. 2023 మే నెలలో అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల కేసులు బయటపెట్టింది. ఇద్దరికీ ఒళ్లంతా తామర. మామూలుగా తామరకు ఇచ్చే టెర్బినాఫిన్ గోళీలు పని చేయలేదు. ఒకామె బంగ్లాదేశ్ వెళ్లొచ్చింది, అక్కడ ఫంగస్ మందూ స్టెరాయిడూ కలిపిన క్రీములు వాడింది. ఆమె ఇంట్లో భర్తకు, కొడుక్కు కూడా అలాంటి మచ్చలే. పరీక్ష చేస్తే తేలిన ఫంగస్ పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే. పేరులోనే ఇండియా ఉంది చూడండి. మన దేశాల్లో ఇది ఇంతగా ముదరడానికి ఈ కలగలుపు ట్యూబులు కూడా ఒక కారణమని చర్మ డాక్టర్లు మొత్తుకుంటున్నారు. ఒక రూమ్‌లో ఆరుగురం పడుకుని, టవళ్లు మార్చుకుని, బట్టలన్నీ ఒకే మిషన్‌లో వేసే మనకు ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఇక రెండోది సిమెంట్. తడి సిమెంట్ సున్నం లాగా ఘాటైన క్షారం, ఎవరి చర్మాన్నైనా కాలుస్తుంది. అది ఒక రకం. ఇంకో రకం ఎలర్జీ. సిమెంట్‌లో క్రోమియం ఆరు అనే లోహపు రూపం కొంచెం ఉంటుంది. అది చర్మంలోకి పోయి పోయి ఒక రోజు ఒంటికి పడకుండా అయిపోతుంది. పదేళ్లు ఏమీ కాని మేస్త్రీకి పదకొండో ఏట రావచ్చు. ఒకసారి వస్తే మామూలుగా జీవితాంతం ఉంటుంది.

దీనికి విరుగుడు లేదా అంటే, ఉంది. డెన్మార్క్ 1983లోనే సిమెంట్‌లో ఫెర్రస్ సల్ఫేట్ కలపాలని నిబంధన పెట్టింది. అది కలిపితే ఆ క్రోమియం చర్మంలోకి దూరలేని రూపానికి మారుతుంది. 2005 జనవరి నుంచి యూరప్ మొత్తం మీద తడి సిమెంట్‌లో ఆ క్రోమియం 10 లక్షల్లో 2 వంతులు దాటకూడదని చట్టం వచ్చింది. మరి అమెరికాలో? 2006లో కార్మిక భద్రతా సంస్థ ఓషా క్రోమియం ఆరు మీద పెద్ద రూలు తెచ్చింది, అందులోంచి పోర్ట్‌లాండ్ సిమెంట్‌ను పక్కకు తప్పించింది. వెల్డింగ్ వాళ్లకు వర్తించే రూలు కాంక్రీట్ పోసే వాళ్లకు లేదు. ఆకాశాన్నంటే బిల్డింగులు కట్టే దేశానికి బస్తాలో చారెడు ఫెర్రస్ సల్ఫేట్ బరువైపోయిందా?

అందుకే పరీక్ష అడగాలని అంటున్నాం. పరీక్షలు ముఖ్యంగా రెండు.

ఒకటి, గీకి చూసే పరీక్ష. మచ్చ అంచున బ్లేడుతో పొట్టు గీకి, కేఓహెచ్ అనే మందు చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఫంగస్ ఉంటే దారాల్లా కనపడుతుంది. నొప్పి ఉండదు, నిమిషాల పని. మందుకు లొంగకపోతే ఆ పొట్టును కల్చర్‌కు పంపమనాలి. రూమ్‌లో అందరికీ రాత్రిపూట దురద, వేళ్ల సందుల్లో పొక్కులు ఉంటే అది గజ్జి కావచ్చు. అదీ గీకి చూస్తే దొరకొచ్చు. గజ్జి అని తేలితే రూమ్ మొత్తం ఒకేసారి మందు రాసుకోవాలి, ఒక్కరు రాసుకుంటే లాభం లేదు.

రెండోది ప్యాచ్ టెస్ట్. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటిస్తారు. క్రోమియం, కోబాల్ట్, ఎపాక్సీ, చేతి తొడుగుల రబ్బర్‌లో కలిపే రసాయనాలు, ఇలా వేటివి వాటికి. 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. అన్ని రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. అంటే ఆ వారం కాంక్రీట్ పని కుదరదు, డాక్టర్ దగ్గర లెటర్ తీసుకోండి. రక్తం తీసి చేసే ఎలర్జీ పరీక్ష సిమెంట్ ఎలర్జీని పట్టుకోలేదు, దానికి పైసలు తగలేయకండి. ఈ ప్యాచ్ టెస్ట్ అందరు డాక్టర్లూ చేయరు, చేసే చర్మ డాక్టర్ దగ్గరికి రాసివ్వమని అడగాలి.

పోయేటప్పుడు ఉత్త చేతులతో పోవద్దు. వాడిన ట్యూబులన్నీ ఒక కవర్‌లో వేసుకుని పోండి, సిగ్గుపడి దాచొద్దు. మచ్చలు బాగా ఉన్నప్పుడు ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏ పని చేసిన రోజు పెరిగింది, సెలవుల్లో తగ్గిందా, తేదీలతో రాసుకోండి. సైట్‌లో వాడే సిమెంట్, సీలర్‌ల సేఫ్టీ డేటా షీట్ అడిగి తీసుకోండి. చూపించమంటే కంపెనీ చూపించి తీరాలి, అది మన హక్కు. భాష రాకపోతే "తెలుగు ఇంటర్‌ప్రిటర్" అని అడగండి. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆస్పత్రులు, క్లినిక్‌లు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, ఫోన్‌లో అయినా సరే. ఇన్సూరెన్స్ లేని వాళ్లకు కమ్యూనిటీ హెల్త్ సెంటర్లున్నాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటారు. లేచి వచ్చేముందు రెండే ప్రశ్నలు. దీని పేరేమిటి? ఏ పరీక్షతో తేలింది?

"ఇదంతా చేస్తే పని పోతది" అని కొందరంటారు. ఆ భయం ఉత్తది కాదు, మాకూ తెలుసు. కానీ పేరు తెలియని దద్దుర్లు కూడా పని పోగొడతాయి. చేతులు పగిలి రక్తం కారేవాడిని ఏ కాంట్రాక్టర్ ఉంచుకుంటాడు? అప్పుడు చేతిలో ఒక్క కాగితం ఉండదు. పని వల్ల వచ్చిందని డాక్టర్ రాసిస్తే వర్కర్స్ కాంపెన్సేషన్ అడగొచ్చు. కాగితాలు లేని వాళ్లకు కూడా చాలా రాష్ట్రాల్లో అది వర్తిస్తుంది. టెక్సాస్‌లో మాత్రం ప్రైవేటు యజమాని ఆ ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న నిర్బంధం లేదు, ముందే కనుక్కోండి. గడువులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి, కాబట్టి తెలిసిన రోజే యజమానికి రాతపూర్వకంగా చెప్పండి. ఓషాకు ఫిర్యాదు చేయాలంటే 1-800-321-6742, పేరు బయటపెట్టొద్దని కోరవచ్చు. భద్రత గురించి అడిగినందుకు కక్ష కడితే 30 రోజుల్లోపు ఓషాకు చెప్పుకోవాలి, ఆ తేదీ దాటనివ్వొద్దు.

ఆఖరుగా మాలాంటి సూపర్‌వైజర్లకు ఒక మాట. కుర్రాడు చేతులు చూపిస్తే "స్నానం సరిగ్గా చెయ్" అనే మాట ఇక మానేద్దాం. హాని చేసే సరుకుతో పని చేయించే చోట కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు ఉండాలని ఓషా రూలు ఉంది. సిమెంట్ పనికి క్షారం లేని సబ్బు కావాలి. తొడుగులు యజమాని ఖర్చుతో రావాలి. లోపల సిమెంట్ పడిన తొడుగు, బూటు ఆ క్షణమే తీసి కడుక్కోనివ్వాలి. దీనికి పోయేది పది నిమిషాలు. పోర్ ఆలస్యమైతే మనం మాట పడతాం, పడదాం. ఆ చేతులతోనే కదా మన లెవెల్ నిలబడేది.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. రూమ్‌లో ఉన్న ట్యూబులన్నీ ఒక చోట పెట్టి పేర్లు చదవండి. స్టెరాయిడ్ ఉన్నదాన్ని ఇంకొకరికి అప్పివ్వకండి. నెలలుగా రాస్తున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే మంట, ఎరుపు ఎగదన్నొచ్చు, అందుకే అదే ట్యూబ్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోండి. మచ్చ గీకి చూడమనండి. షేర్ చేయండి, ముఖ్యంగా కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు.