ఉలి, వేణువు

చర్ల వద్ద ప్రాజెక్టులో నిలిచే తాలిపేరు నీరు అంతకుముందే బాసగూడను తాకి వస్తుంది. బస్తర్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందిన ఈ ఊరి పరిసరాలలో 2005 తరువాతి సంఘర్షణ కాలాన ఎన్నో పాఠశాలలు మూతపడ్డాయి; అనేక కుటుంబాలు గోదావరి తీరానికి వలస వచ్చాయి. నాడు చదువు తెగిపోయిన బాలలే నేటి యువకులు.

2013లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నైపుణ్య శిక్షణను యువత హక్కుగా చట్టం చేసింది. జిల్లాలలోని లైవ్లీహుడ్ కళాశాలలు విద్యుత్ పని, కుట్టుపని వంటివి చేతితో చేయించి నేర్పుతున్నాయి. ఇది ప్రశంసనీయం. మరి సంగీతం మాటేమిటి? ఖైరాగఢ్‌లో 1956 నుండి సంగీత విశ్వవిద్యాలయమున్నది గాని, బాసగూడ యువకునికి అది దూరాభారం.

వృత్తి వేరు, సంగీతం వేరని మనం తలుస్తాము. బస్తర్ అలా విడదీయలేదు. 2025లో పద్మశ్రీ పొందిన నారాయణపూర్ కళాకారుడు పండీరామ్ మండావీ కొయ్య చెక్కుతారు, ‘సులుర్’ అనే వెదురు వేణువునూ మలుస్తారు. వెదురు ఎంపిక, కోత కొలత, నాదపరీక్ష - మన వర్క్‌షాపులోని ఫిట్టరు పాటించే క్రమశిక్షణ కంటె ఇది తక్కువేమీ కాదు. అయితే ఆ కొలతలు గురువు చేతిలోనే ఉంటాయి. శిష్యుడు లేకుంటే ఆయనతోనే అంతరిస్తాయి.

వైరింగు నేర్పే గది ప్రక్కనే వాద్యకారునికొక గది, నెలకింత గౌరవవేతనం కల్పించాలని మేము కోరుతున్నాము. మనవంటి సంస్థల సామాజిక బాధ్యతను నిర్దేశించే 2013 కంపెనీల చట్టం ఏడవ షెడ్యూలులో వృత్తి నైపుణ్యాలూ, సంప్రదాయ కళలూ రెండూ ఉన్నాయి. ఆ రెండింటినీ ఒకే కప్పు క్రిందికి చేర్చడమే మిగిలినది.