పడవను చూసే ప్రభుత్వం వలను చూడదా?

సూరత్‌లో వజ్రాన్ని సెంటు లెక్కన తూస్తారు. క్యారెట్‌లో నూరోవంతు తేడా వచ్చినా బేరం మారిపోతుంది. అదే నగరం దాటి తపతి నది సముద్రంలో కలిసే హజీరా వైపు వెళితే ఎదురుగా ఖంబాత్ సింధుశాఖ. దాని నుంచి, దాన్ని దాటి సౌరాష్ట్ర తీరమంతటా అరేబియా సముద్రం నుంచి ఎంత చేప వలలో పడుతోంది, అందులో ఎంత ఒడ్డుకు చేరుతోంది, ఎంత చచ్చి తిరిగి నీటిపాలవుతోంది అని అడిగితే గాంధీనగర్‌లో గానీ ఢిల్లీలో గానీ కచ్చితంగా జవాబు చెప్పగల అధికారి దొరకడు. చూసినవాడుంటే కదా చెప్పడానికి! మన తీరప్రాంత ట్రాలర్ల మీద ప్రభుత్వం తరఫున పరిశీలకుడు ఎక్కే ఆనవాయితీయే లేదు.

ఇటువంటి దేశంలో కేంద్రం 2025 నవంబర్ 4న ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేటకు కొత్త నియమావళిని ప్రకటించింది. సుస్థిర వినియోగం అన్న మాటను శీర్షికలోనే పెట్టుకుంది. మరపడవలకు డిజిటల్ యాక్సెస్ పాస్ తప్పనిసరి. ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి. మత్స్యకారుడికి క్యూఆర్ కోడ్ ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి. ఎల్‌ఈడీ దీపాల వేట, జంట ట్రాలింగ్, బుల్ ట్రాలింగ్ నిషిద్ధం. ఈ నిషేధాలను తప్పుపట్టేవారెవరూ ఉండరు. అయితే వాటి పక్కనే మరో అంశముంది. తల్లి నౌక, పిల్ల పడవల పద్ధతిలో నడిసముద్రంలోనే పట్టిన చేపను ఒక పడవ నుంచి మరో పడవకు మార్చుకోవచ్చు. సమర్థమైన పర్యవేక్షణలోనే ఇది జరుగుతుందని కేంద్రం హామీ ఇచ్చింది. ఆ పర్యవేక్షణ ఎవరిది? దేనితో?

ట్రాన్స్‌పాండర్ పడవ ఎక్కడుందో చెబుతుంది. వలలో ఏముందో చెప్పదు. లక్ష పడవలకు వాటిని అమర్చేందుకు 364 కోట్ల రూపాయల పథకాన్ని ప్రధాని 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. తుపాను హెచ్చరికలకు, సరిహద్దు దాటకుండా అప్రమత్తం చేయడానికి ఆ పరికరం అవసరమే, ఎవరూ కాదనరు. కానీ మత్స్యకారుడి కదలికను నిఘా కింద పెట్టడం, మత్స్య సంపదను కాపాడడం ఒకటి కావు. ఏలికలు మొదటిది చేసి రెండోది కూడా చేసేశామంటున్నారు.

చేపల లెక్క ఇప్పుడెలా తేలుతోందో చూస్తే సంగతి అర్థమవుతుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ సిబ్బంది ఎంపిక చేసిన రేవుల్లో, ఎంపిక చేసిన రోజుల్లో పడవలు దించిన సరుకును నమూనాగా లెక్కించి దేశం మొత్తానికి అంచనా కడతారు. దశాబ్దాల శ్రమతో నిలబెట్టిన పద్ధతి అది, గౌరవించాల్సిందే. 2024లో దేశమంతా కలిపి సుమారు 34.7 లక్షల టన్నులని, అందులో ఏడున్నర లక్షల టన్నులతో గుజరాత్‌దే మొదటి స్థానమని తేల్చింది ఆ పద్ధతే. మత్స్య సంపద యోజన కింద తీరగ్రామాల్లో నియమించదలచిన 3,477 మంది సాగర మిత్రలు రాసే లెక్క కూడా రేవు లెక్కే. పేరులో సాగరం ఉంది, పని మాత్రం ఒడ్డున.

ఒడ్డుకు రాని చేప మాటేమిటి? వేరావల్ నుంచి బయలుదేరే ట్రాలర్ పదిహేను ఇరవై రోజులు సముద్రం మీదే ఉంటుంది. ఐసు పరిమితం, గదిలో చోటు పరిమితం. తొలి రోజుల్లో పడిన చిన్న చేపను, ధర పలకని చేపను దాచుకుంటే తర్వాత దొరికే రొయ్యకు, కణవకు చోటుండదు. అందుకే దాన్ని పారేస్తారు. తిరుగు ప్రయాణానికి ముందు పడినదాన్ని మాత్రం తెచ్చి చేపల పొడి మిల్లులకు అమ్ముతారు. రేవులో నిలబడ్డ ఉద్యోగికి కనిపించేది ఈ చివరి రోజుల సరుకే. ముందు వారాల్లో నశించిన పిల్ల చేపలు ఏ రిజిస్టరులోనూ చేరవు. ఎదగకుండా చచ్చిన ఆ చేపే మూడేళ్ల తర్వాత మత్స్యకారుడి ఖాళీ వలగా తేలుతుంది. అప్పుడు సముద్రం మారిపోయిందని, వాతావరణ మార్పులని నివేదికలు వస్తాయి. అవి అబద్ధాలు కావు, కానీ సగం నిజాలు.

పరిశీలకుడి ఉద్యోగం పోలీసు ఉద్యోగం కాదు. అతనికి పడవను ఆపే అధికారముండదు, జరిమానా వేసే పుస్తకముండదు. వల ఎక్కడ, ఎంత లోతులో, ఎంతసేపు వేశారో రాస్తాడు. పైకి తీశాక ఏయే జాతి ఎంత పడిందో, ఎంత ఉంచుకున్నారో, ఎంత పారేశారో నమోదు చేస్తాడు. చేపల పొడవు కొలుస్తాడు. తాబేలు పడితే బతికుందా, చచ్చిందా అని రాస్తాడు. కలాసీలు తిన్నదే తిని, వాళ్ల పక్కనే పడుకుంటాడు. పసిఫిక్ దీవుల దేశాలు తమ జలాల్లో ట్యూనా పట్టే పెద్ద వలల నౌకలన్నింటిపైనా 2010 నుంచి పరిశీలకుడిని తప్పనిసరి చేశాయి. జనాభాలో మన మండలమంత కూడా లేని దేశాలున్నాయి అందులో! భారత్ సభ్యత్వమున్న హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 24 మీటర్లు, అంతకుమించిన నౌకల వేటలో కనీసం ఐదు శాతం పరిశీలకుల సమక్షంలో జరగాలంటుంది. గుజరాత్ ట్రాలర్లలో అత్యధికం అంతకన్నా పొట్టివి. కొలత ఎంత సౌకర్యంగా ఉందో!

చూసేవాడు లేకపోతే నష్టపోయేది చేప ఒక్కటే కాదు. వలలకు తాబేళ్లు తప్పించుకునే సాధనం అమర్చడం లేదన్న కారణంతోనే అమెరికా 2019లో మన సముద్రపు రొయ్యకు తలుపులు మూసింది. అమరుస్తున్నామని ఎవరైనా చెప్పవచ్చు, రుజువు కావాలంటే నడిసంద్రంలో చూసిన సాక్షి ఉండాలి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ ఆలివ్ రిడ్లే తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చినప్పుడు ఏ పడవ, ఏ వల అన్న ప్రశ్నకు ఊహాగానాలే మిగిలాయి.

తెలుగువారికి ఇది దూరపు సంగతి అనుకుంటే పొరపాటు. ఉత్తరాంధ్ర, గంజాం మీదుగా గుజరాత్ వెళ్లే రైళ్లలో ఒడిశా మరమగ్గం కూలీలు సూరత్‌లో దిగిపోతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేరావల్ దాకా సాగిపోతారు. సొంత తీరంలో సరైన రేవు లేక, పరాయి యజమాని పడవ మీద నెలల తరబడి బతుకుతారు. 2018 నవంబర్‌లో పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరినవారిలో డి.మత్స్యలేశం వంటి ఊళ్లవారున్నారు. ఆ కథ 2025లో ‘తండేల్’ పేరుతో వెండితెరకెక్కింది, జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. తెర మీద కనిపించిన కష్టం తెర బయట ఎవరి లెక్కలో ఉంది? పడవలో ఎన్ని గంటల పని చేయిస్తున్నారు, గాయపడితే ఏమవుతోంది, మంచినీళ్లు సరిపోతున్నాయా? పరిశీలకుడి ప్రధాన విధి చేపే అయినా, ఆ డెక్ మీద యజమానికి, కూలీకి చెందని మూడో కన్ను అతనొక్కడే.

ఆ మూడో కన్నుకు ప్రమాదముందన్న మాటను దాచనక్కరలేదు. 2015లో పెరూకు దూరంగా, సరుకు మార్చుకునే నౌకపై పనిచేస్తున్న అమెరికన్ పరిశీలకుడు కనిపించకుండా పోయాడు. శవం కూడా దొరకలేదు. 2020 మార్చిలో కిరిబాటి దేశపు పరిశీలకుడొకరు తైవాన్ నౌకలో మరణిస్తే మొదట హత్య దర్యాప్తు మొదలైంది, తర్వాత సహజ మరణమన్నారు, అనుమానాలు మాత్రం తీరలేదు. మొదటి ఘటన జరిగింది సరిగ్గా మన నియమావళి ఇప్పుడు అనుమతిస్తున్న సరుకు మార్పిడి లాంటి చోటే. కాబట్టి ఏదో ఒక ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చి, డిగ్రీ చేతిలో పట్టుకున్న కుర్రాణ్ని బీమా లేకుండా పడవెక్కిస్తే కుదరదు. జీతం ప్రభుత్వ నిధి నుంచి రావాలి. అలాస్కాలో కొన్ని నౌకల పరిశీలకులకు యజమానులే కంపెనీల ద్వారా చెల్లిస్తారు, ఆ ఏర్పాటుపై అక్కడే విమర్శలున్నాయి. ఒడ్డుతో సొంతంగా మాట్లాడుకునే ఉపగ్రహ సాధనం పరిశీలకుడి చేతిలో ఉండాలి.

పడవల్లో చోటు లేదన్నది మొదటి అభ్యంతరం. నిజమే, అన్ని పడవలూ ఎక్కమని ఎవరు అడిగారు? నూటికి ఐదు ప్రయాణాలు చాలు, మిగిలినచోట వల తీసే జాగాకు కెమెరా పెట్టవచ్చు. మత్స్యకారులు ఒప్పుకోరన్నది రెండో అభ్యంతరం. దీనికి జవాబు గుజరాత్‌లోనే ఉంది. ఒకప్పుడు నూనె కోసం తిమింగల సొరలను వేటాడిన సౌరాష్ట్ర మత్స్యకారులే, 2004లో మొదలైన ప్రచారం తర్వాత వల కోసి వందల సొరలను వదిలేశారు. వల నష్టానికి అటవీ శాఖ పరిహారమిచ్చింది. వదిలిన దృశ్యాన్ని తామే ఫొటో తీసి రుజువు చూపేలా వారి చేతికి కెమెరాలిచ్చారు. నమ్మకమూ పరిహారమూ ఉన్నచోట సాక్ష్యం చెప్పడానికి మత్స్యకారుడు వెనుకాడలేదు. వెనుకాడేది పడవల యజమానుల సంఘాలు, చేపల పొడి మిల్లులు, ఎన్నికల ముందు డీజిలు రాయితీ పెంచి ఓట్లు లెక్కపెట్టుకునే నేతలు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఇందులో పనుంది. ముత్తుకూరు మత్స్య కళాశాల 1991 నుంచి పట్టభద్రులను తయారుచేస్తోంది, వారికి తెరిచిన దారి ఎక్కువగా రొయ్యల చెరువుల వైపే. వారిలో కొందరిని, వారితోపాటు తెలుగు మత్స్యకార గ్రామాల యువకులను శిక్షణనిచ్చి వేరావల్ పడవల మీదికి పంపే ఒప్పందం గుజరాత్‌తో చేసుకోమని అమరావతి అడగవచ్చు. వేటకు వెళ్లిన తన మనుషుల జాబితా కూడా పూర్తిగా దగ్గర లేని రాష్ట్రం ఆ మాట ముందుగా అడగాలంటే, మొదట ఆ జాబితా తయారుచేసుకోవాలి. గుజరాత్‌లో వేట నిషేధం ఆగస్టు 15 దాకా ఉంటుంది, అది ముగిసేలోగా ఆ పని చేయవచ్చు.