బోరు పేరు, తూటా బలం

దూరం నుంచి వేటాడేందుకు రైఫిల్‌ను ప్రత్యేకంగా చేయించుకునే అమెరికన్లు క్యాలిబర్ దగ్గరే నెలల తరబడి తర్జనభర్జన పడతారు. గాలికి తూటా ఎంత పక్కకు పోతుంది? భుజానికి దెబ్బ ఎంత? మన దేశంలో ఆ ఎంపిక చాలావరకు చట్టమే చేసిపెట్టింది. త్రీ నాట్ త్రీ, 7.62 మిల్లీమీటర్ల రైఫిళ్లు ‘నిషిద్ధ బోరు’. సైన్యం, పోలీసుల తూటాలు వాటిలో పడతాయన్నది భయం. అందుకే ఇషాపూర్ కర్మాగారం పౌరులకు .315 తయారుచేసింది. బరువైన, నెమ్మదైన తూటా. దూరం పెరిగేకొద్దీ బాగా కిందికి జారుతుంది.

తమాషా ఏమిటంటే, త్రీ నాట్ త్రీ కంటే శక్తిమంతమైన థర్టీ నాట్ సిక్స్ నిషిద్ధం కాదు. అదీ సైనిక తూటాయే, కాకపోతే 1906లో అమెరికా సైన్యం చేపట్టినది!

చిత్తూరు ప్రాంతపు చామల లోయలో నరభక్షక పులి వెంటపడిన కెనెత్ ఆండర్సన్ నమ్ముకున్నది .405 వించెస్టర్. 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైచిలుకు తూటా. దూరానికి పనికిరాదు, ఆ పొదల్లో దూరం కనిపిస్తేగా.

1972 వన్యప్రాణి చట్టం, 1991 సవరణలతో సరదా వేట ముగిసింది. మనుషులకు ముప్పు తెచ్చే జంతువులను, పంట తినే అడవి పందులను అనుమతితో కాల్చడం మిగిలింది. అక్కడ బోరు పేరు కన్నా తూటా బలమే ముఖ్యం. చావకుండా గాయంతో పొదలో దూరిన పంది, మర్నాడు కలుపు తీయడానికి వచ్చిన కూలీ మీద పడుతుంది.