ఇంజను ఆగిపోతే?

మొన్న క్లాసు ముగిశాక ఒక విద్యార్థి అడిగాడు: "మాస్టారూ, చిన్న విమానాలకు ఒక్కటే ఇంజను ఉంటుంది గదా, అది కాస్తా ఆగిపోతే గతేమిటండీ?"

సంధులూ సమాసాలూ చెప్పుకొనేవాణ్ణి, నాకేం తెలుసు? "ఇంకేముందోయ్, రాయిలా పడుతుంది" అనేశాను. ఇంటికి వచ్చి నాలుగు పుస్తకాలు తిరగేస్తే గాని తెలియలేదు, తప్పు చెప్పానని.

విమానాన్ని గాలిలో నిలిపేవి రెక్కలు. వాటి మీదుగా గాలి తగిన వేగంతో సాగుతున్నంతసేపు అది తేలుతూనే ఉంటుంది. ఇంజను ఆగితే, ఉన్న ఎత్తును ఖర్చుపెట్టి ఆ వేగాన్ని కొనుక్కోవాలి. తొక్కడం మానినా సైకిలు పల్లంలో దొర్లిపోదూ? అలాగన్నమాట. నలుగురు కూర్చునే సెస్నా 172 విమానం మైలు ఎత్తున ఉండగా ఇంజను ఆగితే, గాలి ఎదురు లేనప్పుడు సుమారు 9 మైళ్లు సాగి నేలకు దిగుతుంది.

మరి ప్రమాదం ఎక్కడ? నేల ముంచుకొస్తుంటే, చేయి తనంతట తానే విమానం ముక్కును పైకెత్తబోతుంది. ఎత్తితే వేగం తగ్గి రెక్కలు పట్టు తప్పుతాయి. అందుకే పైలట్‌కు మొదటి పాఠం, ముక్కు దించమని. రెండోది మరీ కష్టం. ఇప్పుడే లేచివచ్చిన రన్‌వే వెనకాలే ఉన్నా, ఎత్తు చాలనప్పుడు దానికోసం తిరగరాదు. మలుపులో ఉన్న ఎత్తు కాస్తా హరించుకుపోతుంది.

2015 మార్చి 5న హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్‌కు ఈ పరీక్షే ఎదురయింది. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. నడిపిన విమానం 1942 నాటిది. కాలిఫోర్నియాలోని సాంటా మోనికాలో పైకి లేచిన కాసేపటికే ఇంజను శక్తి పోయింది. కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే చిన్న భాగమొకటి మర వదులై జారిందని తరవాత విచారణలో తేలింది. ఆయన మొదట రన్‌వే వైపే తిప్పాడు. అందదని గ్రహించగానే ఆ ఆశ వదులుకొని, వేగం తగ్గనీయకుండా దగ్గరలోని గోల్ఫ్ మైదానానికి గురిపెట్టాడు. విమానం చెట్టుకొమ్మలకు తగిలి నేలను కొట్టుకొంది. తీవ్రంగా గాయపడ్డాడు, కాని బతికి బయటపడ్డాడు.

మర్నాడు క్లాసులో నా తప్పు ఒప్పుకొని ఇదంతా చెప్పాను. మనవాడు ఊరుకోలేదు. "ప్రాణం మీదికొచ్చినప్పుడు ఇవన్నీ ఎలా గుర్తొస్తాయండీ?"

"గుర్తు రావు, నాయనా. అందుకే ఇంజను నిక్షేపంలా ఉన్న రోజుల్లోనే, పక్కన గురువును కూర్చోబెట్టుకొని, దాని జోరు పూర్తిగా తగ్గించి పదేపదే సాధన చేస్తారు. ఆపద వేళ ఆలోచన ఆలస్యంగా వస్తుంది. ముందు ఆదుకొనేది అలవాటే."