నోరు విప్పుదాం! మన పిల్లల్ని కాపాడుకుందాం!

అమ్మలారా! నాయనలారా! అక్కలారా! అన్నలారా!

ఒక్క నిమిషం ఆగండి. ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకోకండి. ఇంట్లో హైస్కూలు బిడ్డ ఉంటే రెండుసార్లు చదవండి.

తొమ్మిదో క్లాసు పిల్ల ఉన్నట్టుండి బడి మానేస్తుంది. "ఒంట్లో బాగోలేదు" అంటారు ఇంట్లోవాళ్లు. నెల తిరక్కుండా అమ్మమ్మ ఊరికి పంపేస్తారు. వీధిలో గుసగుసలు మొదలు. కొన్నాళ్లకి పెళ్లి కబురు. లేదంటే చావు కబురు! ఇలాంటి ఇల్లు మన వీధిలో లేదా? పక్క వీధిలో లేదా? అందరికీ తెలుసు. ఒక్కరూ మాట్లాడరు!

ఆ మౌనమే మన పిల్లల్ని మింగేస్తోంది!

లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నవాళ్లు. దేశం మొత్తమ్మీద 6.8 శాతమే. మనది దాదాపు రెట్టింపు! తెలంగాణలో 5.8 శాతం. వీళ్లలో పెళ్లయిన పిల్లలే ఎక్కువ. మరి ఆ పెళ్లిళ్లు అంత తొందరగా ఎందుకు జరిగాయి? "మీ పిల్ల ఎవడితోనో మాట్లాడుతోందట" అని ఎవరో అన్న ఒక్క మాటకి మన కళ్లముందే ఎన్ని తాళిబొట్లు పడలేదు!

ఎందుకిలా జరుగుతోంది?

పిల్లలు చెడిపోయారు, కాలం చెడిపోయింది అంటున్నాం. మనం ఏం చేశామో ఎప్పుడైనా మనల్ని మనం అడిగామా?

పిల్ల పెద్దమనిషైతే ఫ్లెక్సీ కడతాం. చుట్టాలందర్నీ పిలుస్తాం. వీధంతా భోజనాలు పెడతాం. ఆ పిల్ల ఒంట్లో ఏం మారిందో, ఇకమీద ఏ జాగ్రత్తలు కావాలో మాత్రం ఒక్క మాట చెప్పం! మగపిల్లాడికి గొంతు మారుతుంది, మీసం మొలుస్తుంది, మనసు నిలవదు. వాడికి చెప్పేవాళ్లు అసలే లేరు!

పోనీ బడిలో చెబుతారా? ఎనిమిదో తరగతిలో కౌమార దశ పాఠం ఉంది. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. ఆ పేజీలు వచ్చేసరికి "ఇంటిదగ్గర చదువుకోండి" అనేసి ముందుకెళ్లిపోయే క్లాసులు ఎన్ని! మేష్టారికి సిగ్గు. టీచరమ్మకి సిగ్గు. మనకీ సిగ్గు. ఇంతమంది పెద్దల సిగ్గుకి జరిమానా కట్టేది ఎవరు? పద్నాలుగేళ్ల పిల్ల!

బడి చెప్పదు. ఇల్లు చెప్పదు. చెప్పేది ఫోనే! 2020లో బళ్లు మూసినప్పుడు ఆన్‌లైన్ పాఠాల కోసం అప్పు చేసి మరీ ఫోన్లు కొనిచ్చాం. బళ్లు తెరిచారు, ఫోన్లు చేతుల్లోనే ఉండిపోయాయి. అందులో కనిపించే చెత్తే నిజమనుకుంటున్నారు పిల్లలు. సినిమాలో హీరో యూనిఫాం పిల్ల వెంటపడితే దాన్నే ప్రేమ అనుకుంటున్నారు. "నిజంగా ప్రేమిస్తే ఒప్పుకో" అని వాడంటాడు. "కాదంటే వదిలేస్తాడేమో" అని ఆమె భయపడుతుంది. స్నేహితులు ఎగదోస్తారు. కాదనడం ఎలాగో పిల్లలకి ఎవరు నేర్పారు?

ఇంకో నిజం. మనం పొద్దున్నే కూలికి పోతాం, చీకటి పడ్డాక వస్తాం. వలసపోతే నెలల తరబడి పిల్లలు ముసలమ్మ దగ్గరే. పలకరించే మనిషి లేని ఇంట్లో, తీయగా పలకరించినవాడే దేవుడు! ఆ పలకరించేవాడు అన్నిసార్లూ తోటి విద్యార్థి కాడు. పెళ్లైనవాడు కావచ్చు. చుట్టం కావచ్చు. రోజూ దింపే బండివాడు కావచ్చు. అలాంటివాడు చేసేదానికి ప్రేమ అని పేరు పెట్టకండి. అది వేట!

దెబ్బ ఎవరికి తగులుతోంది?

ముందు ఆడపిల్లకి. నెల తప్పిందని తెలియడానికే వారాలు పడతాయి. చెప్పుకోవడానికి మనిషి దొరకదు. ఎవరో మందుల షాపులో చాటుగా కొన్న మాత్రలు మింగిస్తారు. రక్తం ఆగదు! ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే పరువు అడ్డం. అదే 2019-21 సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో పదిమందిలో ఆరుగురికి రక్తహీనత ఉంది. ఆ ఒంటికి కాన్పు తట్టుకునే శక్తి ఎక్కడిది? బీపీ పెరుగుతుంది, ఫిట్స్ వస్తాయి, బరువు తక్కువ బిడ్డ పుడుతుంది. సుఖవ్యాధులు సోకితే సిగ్గుతో దాచుకుని ముదరబెట్టుకుంటారు. అన్నిటికంటే ముందు పోయేది చదువు. పదో తరగతి హాల్‌టికెట్ రావాల్సిన చేతికి మెట్టినింటి చీపురు వస్తుంది!

మగపిల్లాడు తప్పించుకుంటాడా? తప్పించుకోలేడు! 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. "ఆ పిల్ల ఇష్టపడింది" అన్న మాట కోర్టులో చెల్లదు. కుర్రాడికి 18 దాటి, లైంగిక సంబంధం రుజువైతే కనీసం పదేళ్ల జైలు. పిల్లకి 16 నిండకపోతే కనీసం ఇరవై! 18 లోపు కుర్రాడైతే జువెనైల్ బోర్డు మెట్లెక్కాలి. వాడి అమ్మ మెడలో పుస్తెలు వకీలు ఫీజుకి పోతాయి. నాన్న కూలి రోజులు వాయిదాలకి పోతాయి.

ఆ తర్వాత ఫోటోల బెదిరింపు! "డబ్బులియ్యి, లేకపోతే గ్రూపులో పెడతా." పిల్లల అశ్లీల చిత్రాలు పంపినా, పంచుకోవడానికి దాచుకున్నా నేరమే. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

పెళ్లి చేసేస్తే పోతుందా?

పోదు! రెండు తప్పులవుతాయి. 2006 చట్టం ప్రకారం బాల్య వివాహం జరిపించినవాళ్లకి రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 18 నిండని భార్యతో కాపురం చేసినా అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చేసింది. తాళి కడితే నేరం మాయమవదు. చితకబాదితే భయం పెరుగుతుంది, తెలివి పెరగదు. బడి మాన్పిస్తే ఆ పిల్లకి మిగిలిన ఒక్క దారీ మూసుకుపోతుంది!

"చెబితే ఇంకా చెడిపోతారు" అంటారు కొందరు. అన్నలారా, చెప్పకుండానే కదా ఇంతదాకా వచ్చింది! పిల్లలకి సమగ్రమైన లైంగిక విద్య నేర్పాలని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టే సూచించింది. ఇంకా ఎవరి అనుమతి కోసం ఎదురుచూస్తాం?

ఏం చేద్దాం?

1. ఈ రాత్రే మొదలుపెడదాం. అన్నం తినేటప్పుడు ఫోన్లు పక్కన పెట్టి పిల్లలతో మాట్లాడదాం. "లైంగిక సంబంధం నీ వయసు పని కాదు. ఒళ్లూ మనసూ ఇంకా ఎదగాలి. ఎవరు బలవంతపెట్టినా కాదని చెప్పు. తప్పు జరిగినా ముందు నా దగ్గరికే రా. కొట్టను." ఈ నాలుగు మాటలు చాలు! ఆడపిల్లకి ఎంత చెబుతామో మగపిల్లాడికీ అంత చెప్పాలి.

2. పేరెంట్స్ మీటింగులో లేచి నిలబడదాం. "కౌమార దశ పాఠం చెప్పారా? ప్రత్యుత్పత్తి పాఠం చెప్పారా?" అని అడుగుదాం. ఏఎన్ఎంనో డాక్టరునో బడికి పిలిపించమని పట్టుబడదాం. కౌమార ఆరోగ్యం కోసం 2014 నుంచి కేంద్ర పథకమే ఉంది. ఆ సేవలు మన పీహెచ్‌సీలో ఎక్కడున్నాయో నిలదీద్దాం!

3. కడుపు వచ్చిందని తెలిస్తే ఒక్కరోజు కూడా దాచొద్దు. నాటువైద్యం వద్దు, చాటు మాత్రలు వద్దు. సర్కారు ఆస్పత్రికి వెళ్దాం. చట్టం మైనర్లకి 24 వారాల వరకు గర్భస్రావానికి దారి ఇచ్చింది. గార్డియన్ సంతకం కావాలి. పిల్ల, గార్డియన్ కోరితే డాక్టరు పోలీసులకి పిల్ల పేరు చెప్పక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరు బయటపడుతుందన్న భయంతో ప్రాణం తీసుకోనివ్వొద్దు!

4. ఈ నంబర్లు గోడమీద రాసుకుందాం. పిల్లల కోసం 1098. ఆపద వస్తే 112. ఫోటోలతో బెదిరిస్తే 1930. మనసు కుంగితే 14416. ఇవేవీ డబ్బులడగవు.

5. గుసగుసలు ఆపుదాం! పక్కింటి పిల్లకి కష్టం వస్తే తలుపు చాటునుంచి చూడకుండా తలుపు తట్టి వెళ్దాం. ఇవాళ వాళ్ల గుమ్మం. రేపు మన గుమ్మం!

అమ్మా! నాయనా! పరువు పోతే మళ్లీ వస్తుంది. పదేళ్లు కష్టపడి సంపాదించుకోవచ్చు. పోయిన బిడ్డ రాదు! తప్పు చేసిన పిల్ల ఏడుస్తూ పరిగెత్తుకొచ్చేసరికి మన ఇంటి తలుపు తెరిచి ఉండాలి. మన చేతిలో కర్ర ఉండకూడదు.

ఈ రాత్రే మాట్లాడండి. చదివాక ఈ కాగితం పక్కింటికి ఇవ్వండి!

— మీలాంటి తల్లులం, తండ్రులం